విద్యుదాఘాతము: మేధపై చిరకాల ప్రభావములు

విద్యుదాఘాతమునకు గురియై ప్రాణములతో బయటపడినవారిలో కొందరికి, కాలిన గాయములు మాని, గుండె యథాక్రమమున కొట్టుకొనుచున్న పిమ్మట గూడ, నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి వీడని మేధోవికారములు కలుగుచుండును. ధ్యాస నిలువకుండుట, ఆలోచన మందగించుట, క్రొత్త విషయములు మనస్సున పట్టకుండుట, మాటాడుచుండగా తగిన పదము స్ఫురింపకుండుట వీనిలో ముఖ్యములు. వీనికి తోడు నిద్రలేమి, తలనొప్పి, చికాకు, విషాదము, ప్రమాదదృశ్యము పదేపదే కన్నులకు గట్టుట గూడ కలవు.

వియన్నా వైద్యుడు స్టెఫాన్ యెల్లినెక్ 1903లో ఎలెక్ట్రోపాథాలజీ గ్రంథమును ప్రకటించి విద్యుదాఘాతహానిని గూర్చిన శాస్త్రమునకు పునాది వేయగా, 1934లో నాడీవైద్యుడు మెక్‌డొనాల్డ్ క్రిచ్లీ పిడుగుపాటు వలనను, విద్యుత్తు వలనను నాడీమండలమునకు కలుగు హానిని లాన్సెట్ పత్రికలో వివరించెను.

ఈ వికారములు కలుగుటకు విద్యుత్ప్రవాహము తల గుండా పోనక్కరలేదు; చేతినుండి చేతికో, చేతినుండి పాదమునకో ప్రవహించినను ఈ లక్షణములు పొడచూపుట కలదు. గుండె లయ తప్పి ఆగినచో, ప్రాణవాయువు కొరవడి, జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోకాంపస్ అను మెదడుభాగమునందలి కణములు సులభముగా దెబ్బతినును. విద్యుత్ స్తంభముపై నుండి పడినవానికి తలదెబ్బ అదనము. ఇక విద్యుత్తు నేరుగా చేయు హానిలో, ఉష్ణమున కణజాలము దగ్ధమగుట యొక విధము. ఉష్ణముతో నిమిత్తము లేకయే విద్యుత్‌క్షేత్రము కణపుపొరలయందు సూక్ష్మరంధ్రములు కల్పించుట మరియొక విధము. ఈ రెండవదానిని షికాగో విశ్వవిద్యాలయమున రాఫెల్ లీ విశేషముగా పరిశోధించెను. అయినను, గుండె ఆగక, తలకు దెబ్బ తగులక, ప్రవాహము మెదడు దరికి పోక యుండినవారికి ఈ వికారమెట్లు కలుగుచున్నదో వైద్యులలో ఏకాభిప్రాయము లేదు.

1000 వోల్టులకు లోబడినదానిని ‘తక్కువ వోల్టేజి’ యని వ్యవహరింతురు. మన యిండ్లకు వచ్చు 230 వోల్టులును ఆ కోవలోనివే. ఈ పేరు చూచి నిశ్చింతగా నుండుట పొరపాటు. అట్టి కరెంటు కొట్టినవారును పైబాధలనే చెప్పుకొనుచున్నారు; కావున వోల్టేజిని బట్టి మేధకు కలుగు హానిని లెక్కగట్టుట సాధ్యము కాదు.

సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రములలో తరచుగా ఏ దోషమును కానరాదు. అందుచేత లైన్‌మన్ గాని, పంపుసెట్టు కడ షాకు తిన్న రైతు గాని తన మతిమరుపును చెప్పుకొన్నచో, నష్టపరిహారమునకై నటించుచున్నాడని శంకించుట కలదు. ఇది అన్యాయము. లోపము చిత్రమున గాక, ధ్యాస, స్మృతి, ఆలోచనావేగములను కొలుచు నాడీమనోవైజ్ఞానిక పరీక్షలలో బయటపడును. దీనికి ప్రత్యేకౌషధము లేదు; మేధకు అభ్యాసచికిత్స, విషాదమునకు మందులు, మానసికచికిత్స, పనికి క్రమక్రమముగా మరలుట, ఇవియే సాధనములు. కొన్ని లక్షణములు ఆలస్యముగా తలయెత్తును గావున, రోగిని ఇంటికి పంపునాడే యీ పరీక్షలు జరిపి నమోదు చేయుటయు, మరికొన్ని నెలలకు మరల జరుపుటయు వైద్యుల విధి.