ఫోల్స్

ఫోల్స్ ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో 2005లో ఏర్పడిన రాక్ బృందం. ఇంగ్లిషులో ఆ మాటకు గుర్రపు పిల్లలని అర్థం. గాయకుడు, గిటారిస్టు యానిస్ ఫిలిప్పాకిస్ ఇంటిపేరుకు మూలమైన ‘ఫిలిప్పోస్’ అనే గ్రీకు మాటకేమో గుర్రాలంటే మక్కువ గలవాడని అర్థం. ఆ ఇంటిపేరుతో ఆడుకోగా వచ్చిందే బృందం పేరు. మ్యాథ్ రాక్ బృందంగా పేరుపడి, తన నియమాలను తానే ఒక్కొక్కటిగా వదిలించుకున్న బృందమిది.

మ్యాథ్ రాక్‌లో లెక్కంతా తాళానిదే. మామూలు రాక్ పాట నాలుగు దెబ్బల మీద నడుస్తుంది. మ్యాథ్ రాక్‌లో ఆ నడక అయిదుకో ఏడుకో మారుతుంది. ఖండచాపు, మిశ్రచాపు విన్న చెవికి ఈ అంకెలు కొత్త కాదు. కాకపోతే మన దగ్గర ఎత్తుకున్న తాళం సాధారణంగా కీర్తన చివరిదాకా నిలుస్తుంది, అక్కడ పాట సగంలోనే మారిపోవచ్చు. ఫిలిప్పాకిస్, డ్రమ్మర్ జాక్ బెవన్ అంతకుముందు ‘ది ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్’ అనే బృందంలో ఇలాంటి చిక్కు సంగీతమే వాయించేవారు. 1975లో ఉత్తర అమెరికాలోని ఓ పెద్ద సరస్సులో మునిగిన సరుకు ఓడ పేరది.

ఆ చిక్కు సంగీతపు గంభీరత మీద విసుగుపుట్టి, జనం చిందేసే సంగీతం కావాలనుకోవడంతో ఫోల్స్ పుట్టింది. గిటారిస్టు జిమ్మీ స్మిత్, బాస్ వాయించే వాల్టర్ జెర్వర్స్, కీబోర్డు మీద ఎడ్విన్ కాంగ్రీవ్ చేరారు. చేరేనాటికి కాంగ్రీవ్‌కు కీబోర్డు వాయించడమే రాదు. మొదటి గాయకుడు ఆండ్రూ మియర్స్ తన సొంత బృందం ‘యూత్‌మూవీస్’ చూసుకోవడానికి వెళ్లిపోగా పాడే పని ఫిలిప్పాకిస్ మీద పడింది. కచేరీ హాళ్లకన్నా ముందు వీళ్లు వాయించింది ఇళ్లలో జరిగే పార్టీల్లో.

అప్పట్లో వాళ్లు పెట్టుకున్న నియమాలు కఠినమైనవి. గిటారు మీద కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి, మీటకూడదు. ఒక్కొక్క స్వరమే, అదీ తారస్థాయి మెట్ల దగ్గర, మోత సాగకుండా తుంచినట్టు పలకాలి. వక్రీకరించిన గరుకు ధ్వని పనికిరాదు. రెండు గిటార్లు ఒకదాని సందులో ఒకటి దూరుతూ పోతుంటే కింద డ్రమ్ము మాత్రం టెక్నో సంగీతంలా తిన్నగా కొడుతుంది. అంటే బేసి లెక్కలు చాలావరకు పోయి, వాటి అల్లిక మిగిలింది. 2007 నాటి ‘హమ్మర్’, ‘మ్యాథ్లెటిక్స్’ పాటల్లో ఇది స్పష్టంగా వినిపిస్తుంది. టీవీ ధారావాహిక ‘స్కిన్స్’ వీరిని కుర్రకారుకు దగ్గర చేసింది.

తొలి ఆల్బమ్ ‘యాంటిడోట్స్’ (2008) న్యూయార్క్‌లో, ‘టీవీ ఆన్ ది రేడియో’ సభ్యుడు డేవ్ సీటెక్ నిర్మాణంలో తయారైంది. ఆయన చేసిన మిక్సింగ్‌లో ప్రతిధ్వని మరీ ఎక్కువైందని బృందం దాన్ని పక్కనపెట్టి తామే మళ్లీ చేసుకుంది. పేరు తెచ్చిన ఆ రెండు పాటలనూ బ్రిటన్ ఆల్బమ్‌లోంచి తీసేశారు. ఆ ధైర్యం వృథా కాలేదు. ఆల్బమ్ బ్రిటన్ పట్టికలో 3వ స్థానానికి చేరింది.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో రికార్డు చేసిన ‘టోటల్ లైఫ్ ఫరెవర్’ (2010) అసలైన మలుపు. అందులోని ‘స్పానిష్ సహారా’ ఆరు నిమిషాలు దాటిన పాట. గొంతు దాదాపు గుసగుసతో మొదలవుతుంది. చాలాసేపు డ్రమ్ము ఊసే ఉండదు. పొరమీద పొర పేరుకుని చివరికి ఉప్పెనలా లేస్తుంది. అంతదాకా అరిచి పాడిన ఫిలిప్పాకిస్ పాడటం నేర్చుకున్నది ఇక్కడే అనాలి. ఈ ఆల్బమ్, ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతికి నామినేట్ అయింది.

‘హోలీ ఫైర్’ (2013)తో గరుకు ధ్వని మీది నిషేధమూ పోయింది. ‘ఇన్‌హేలర్’ పాటలో గిటార్లు బరువుగా విరుచుకుపడతాయి. నిర్మాతలు ఫ్లడ్, అలన్ మౌల్డర్ అభ్యాసమని చెప్పి వాయింపజేసి, గుట్టుగా రికార్డు చేసుకున్నారని బృందమే చెప్పింది. దక్షిణ ఫ్రాన్స్‌లో చేసిన ‘వాట్ వెంట్ డౌన్’ (2015) అదే దారిలో ఇంకా ముందుకు నడిచింది.

జెర్వర్స్ 2018లో తప్పుకున్నాడు. మిగిలిన నలుగురూ మరుసటి ఏడాది ‘ఎవ్రీథింగ్ నాట్ సేవ్డ్ విల్ బి లాస్ట్’ను రెండు భాగాలుగా, మార్చిలో ఒకటి, అక్టోబరులో ఒకటి, విడుదల చేశారు. ఆ పేరు నింటెండో వీడియో గేమ్ ఆపేటప్పుడు తెరమీద కనిపించే హెచ్చరిక. రెండో భాగం బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకుంది. బృందానికి అది తొలిసారి. 2020లో ఉత్తమ బృందంగా బ్రిట్ అవార్డు వచ్చింది.

ఆర్థికశాస్త్రం చదువుకోవడానికి 2021లో కాంగ్రీవ్ కేంబ్రిడ్జి దారి పట్టాడు. ముగ్గురే మిగిలి చేసిన ‘లైఫ్ ఈజ్ యువర్స్’ (2022) మళ్లీ చిందులేయించే సంగీతానికే వచ్చింది. నైజీరియా డ్రమ్మర్ టోనీ అలెన్‌తో ఫిలిప్పాకిస్ విడిగా చేసిన పాటలు, అలెన్ చనిపోయిన నాలుగేళ్లకు, 2024లో వెలువడ్డాయి. ఇంత మారినా ఫోల్స్ కచేరీలను ఏళ్ల తరబడి ముగిస్తూ వచ్చిన పాట మాత్రం తొలి ఆల్బమ్‌లోని ‘టూ స్టెప్స్, ట్వైస్’.