సాంచ చప్పుడుకు కొలత ఎట్ల వచ్చింది

నా చదువు ఎనిమిదో తరగతి. సొసైటీ లెక్కలు తప్ప పెద్దగా ఏమీ రాసినోణ్ణి కాదు. మన చరిత్ర అంటే బట్ట గురించి, వలసల గురించి రాస్తాం. చప్పుడు గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నా.

మా నాయిన ఊర్లో గుంటమగ్గం నేసేవాడు. షోలాపూర్ వచ్చినంక కార్ఖానాలో సాంచలు నడిపిండు. యాభై ఏండ్లు దాటేసరికి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాల్సి వచ్చేది. ఇంటికొచ్చిన చుట్టాలు "మీ ఇంట్లో రోజూ కొట్లాటేనా?" అని అడిగేవారు. నాయిన మాత్రం "నాకు మంచిగనే వినపడతది, మీకే మాట్లాడుడు రాదు" అనేవాడు. చప్పుడుతో పోయే చెవి అట్లనే మెల్లమెల్లగా పోతది. పోయినోడికి తెలియదు, పోయింది తిరిగి రాదు. అందుకే చప్పుడును మీటరుతో కొలవాలి. ఆ మీటరు ఎట్ల పుట్టిందో తెలిస్తే ఏది కొనాలో కూడా తెలుస్తది.

చేత్తో నాడె విసిరినప్పుడు చప్పుడు మనిషి చేతి సత్తువంతే. 1733లో ఇంగ్లండులో జాన్ కే ఎగిరే నాడె తెచ్చాడు. 1785లో కార్ట్‌రైట్ యంత్రమగ్గానికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత ఒకే కప్పు కింద వందల మగ్గాలు వచ్చాయి. లాంకషైర్ మిల్లుల్లో నేసే ఆడవాళ్లు ఆ మోతలో మాట వినపడక, పెదాల కదలికతోనే మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. మన షోలాపూర్‌లో మొదటి మిల్లు 1877లో పెట్టారు. మనోళ్లు కూడా సైగలతోనే పని నడిపారు.

చెవుడును లెక్కగట్టాలని 1886లో గ్లాస్గోలో థామస్ బార్ అనే డాక్టరు 100 మంది బాయిలర్ పనివాళ్లను పరీక్షించాడు. అప్పటికి మీటరు లేదు. జేబు గడియారం టిక్కుటిక్కు ఎంత దూరం నుంచి వినపడుతుందో చూశాడు. వందమందిలో ఒక్కడికీ చెవులు పూర్తిగా బాగా లేవు.

1920లలో అమెరికా టెలిఫోను ఇంజనీర్లు డెసిబెల్ అనే కొలత తెచ్చారు. అది గ్రాహం బెల్ పేరు మీద పెట్టింది. ఆయన తల్లికీ, భార్యకూ చెవుడే. ఈ లెక్క మన కూడికల లెక్క కాదు. 90 డెసిబెల్ చేసే సాంచ పక్కన అలాంటిదే ఇంకోటి పెడితే 180 కాదు, 93 అవుతది. అంటే మూడు పెరిగితే చప్పుడు బలం రెండింతలైనట్టు. 1933లో ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు, మన చెవికి లావు శబ్దాలు తక్కువగా వినపడతాయని కొలిచి చూపించారు. మీటరు మీద కనపడే 'ఏ' గుర్తు ఆ లెక్కలో నుంచే వచ్చింది. 1936లో అమెరికాలో మీటర్లకు మొదటి ప్రమాణం పెట్టారు, 1961లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇప్పుడు నడిచేది ఐఈసీ 61672.

1960లలో స్కాట్లండులోని డండీలో జనపనార నేసే ఆడవాళ్లను పరీక్షించారు. ఎన్ని ఏండ్లు ఎక్కువ నేస్తే చెవి అంత ఎక్కువ పోయిందని తేలింది. మా నాయిన ఒప్పుకోని మాట అక్కడ అంకెల్లో ఉంది.

ఇక మా సొసైటీ సంగతి. మా నేత కాలనీ పక్కన రాత్రంతా సాంచలు నడుస్తుంటే ఒక చవక మీటరు కొన్నాం. వారం రోజులు నోటుబుక్కులో అంకెలు రాసి ఆఫీసుకు పట్టుకుపోయాం. "ఇది ఏ క్లాసు? కాలిబ్రేషన్ ఎప్పుడు చేయించారు?" అని అడిగితే నా నోట మాట రాలేదు. కాగితాలు తిరిగి చేతికిచ్చారు. నూలు తూకం కాంటాకు ముద్ర వేయించకపోతే సభ్యులు ఒప్పుకుంటారా? ఇదీ అంతే.

కాబట్టి కొనేముందు ఇవి చూడండి. మీటరు మీద ఐఈసీ 61672 అని, క్లాసు ఎంతో రాసి ఉండాలి. కార్ఖానా లోపల చూసుకోవడానికి క్లాస్ 2 చాలు. తగాదా కోర్టుదాకా పోయేటట్టుంటే క్లాస్ 1 మంచిది. పడుగు తెగితే సాంచ ఆగుతది, మళ్లీ నడుస్తది. అందుకని ఆ క్షణం అంకె ఒక్కటే కాకుండా మొత్తం సమయానికి సగటు చూపేది, అంటే 'ఎల్‌ఈక్యూ' ఉన్నది కావాలి. వెంట కాలిబ్రేటర్ ఉండాలి. అది 94 డెసిబెల్ కూత పెడుతది, కొలతకు ముందూ తర్వాతా దానితో సరిచూసుకోవాలి. ల్యాబు సర్టిఫికెట్టు ఏటా చేయించాలి. బయట కొలిచేటప్పుడు గాలి తగలకుండా మైకుకు స్పాంజి టోపీ పెట్టాలి. లోపల కొలిచేటప్పుడు పనిచేసే మనిషి చెవి దగ్గర పట్టాలి. నాలుగు సాంచల మధ్య తిరిగే మనిషికైతే భుజానికి తగిలించే డోసీమీటరు మేలు. సెల్‌ఫోను యాప్ అంచనాకే, సాక్ష్యానికి కాదు.

అంకెలు కూడా గుర్తుపెట్టుకోండి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇండ్లున్న చోట పగలు 55, రాత్రి 45 దాటొద్దు. కార్ఖానాలో ఫ్యాక్టరీ నియమాల లెక్క 90 అయితే 8 గంటలు, 95 అయితే 4 గంటలు, 100 అయితే 2 గంటలే. మనోళ్లు పన్నెండు గంటల పాళీ చేస్తారు.

రెండోసారి మంచి మీటరు అద్దెకు తెచ్చినప్పుడు ముందు మా దగ్గరి చుట్టాల షెడ్డులోనే పెట్టినం. పక్కోడి మీద ఫిర్యాదు రాసే ముందు మన ఇల్లు చూసుకోవాలి కదా. ముల్లు తొంభై దాటింది. అక్కడ పనిచేసే పిల్లగాడికి ఇరవై రెండేండ్లు. షెడ్డు యజమాని కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు తెప్పించాడు. మా అద్దె డబ్బులు అక్కడికే గిట్టుబాటు అయినాయి.

ఒక్కో ఊరి సంఘం ఒక్కటే కొనలేకపోతే నాలుగు సంఘాలు కలిసి ఒకటి కొనండి. మా నాయినకు ఎవరూ కొలిచి చెప్పలేదు. మన పిల్లలకైనా చెబుదాం.