ఒక బడి, అనేక అంచెలు: వీధిబడి నుంచి అపెప్ దాకా

వాకాడు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలను ఊహించుకోండి. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చుంటాయి. ఐదో తరగతిలో ఒక అమ్మాయి వార్తాపత్రిక చదవగలదు. పక్కనున్న అబ్బాయికి గుణింతమే రాదు. చేపల వేట జోరుగా ఉన్న రోజుల్లో అతడు బడికి రాడు. నాట్ల కాలంలో తల్లి కూలికి వెళ్తే మరో పిల్ల తమ్ముణ్ణి ఆడిస్తూ ఇంటి దగ్గరే ఉండిపోతుంది. వీరందరికీ ఒకే పాఠం, ఒకే రోజున, ఒకే తీరున చెప్పడం ఎలా? మీలో ఉపాధ్యాయులుగా పనిచేస్తున్నవారికి ఈ చిక్కు బాగా తెలుసు. శిక్షణ తరగతుల్లో దీనిని 'వైయక్తిక భేదాలకు తగిన బోధన' అంటారు. ఆ పేరు కొత్తదే గాని, విషయం మన ప్రాంతంలో కనీసం రెండు వందల ఏళ్ళ నాటిది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరినీ బడుల వివరాలు పంపమన్నాడు. నెల్లూరు కలెక్టరు కూడా పంపాడు. (వాకాడు 2022లో తిరుపతి జిల్లాలో చేరింది, అంతకుముందు నెల్లూరు జిల్లాలోనిదే.) అన్ని జిల్లాల లెక్కలూ కూడి 1826లో మన్రో చెప్పిన సంఖ్య 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అయితే కలెక్టర్లలో చాలామంది అంకెలతో సరిపెట్టారు. బడి లోపల చదువు ఎలా సాగుతుందో విపులంగా రాసినవాడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్. తెలుగు, కన్నడ బడులు రెండూ ఉన్న ఆ జిల్లా గురించి 1823 ఆగస్టులో అతడు పంపిన నివేదికను చరిత్ర విద్యార్థులు తప్పక చదవాలి.

కాంబెల్ వర్ణించిన వీధిబడిలో పిల్లలు నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారు. బడిలో సాధారణంగా నాలుగు అంచెలుంటాయి. కింది అంచెల వారికి పెద్ద పిల్లలు చెబుతారు. పై అంచె వారిని అయ్యవారు స్వయంగా చూసుకుంటూ, బడి మొత్తం మీద ఒక కన్ను వేసి ఉంచుతారు. మనం గమనించవలసింది ఇక్కడే. పిల్లవాడు ఒక అంచె నుంచి పై అంచెకు వెళ్ళేది అతని శక్తిని, ప్రగతిని బట్టి. వయసు గాని, సంవత్సరాంత పరీక్ష గాని దానిని నిర్ణయించదు. చిన్నవారికి చెబుతూ పెద్ద పిల్లలు తమ చదువును గట్టి చేసుకుంటారని కూడా కాంబెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సబబేనన్నాడు.

ఆ అనుకరణకు మూలం మద్రాసులోనే ఉంది. అక్కడి అనాథ బాలుర ఆశ్రమాన్ని 1789 నుంచి నడిపిన ఆండ్రూ బెల్, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో ప్రవేశపెట్టాడు. పిల్లల చేత పిల్లలకు చెప్పించాడు. స్వదేశం వెళ్ళాక 1797లో దానిపై పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండులో అది 'మద్రాసు పద్ధతి'గా పేరుపొందింది. పేరు మనకు, ఖ్యాతి బెల్‌కు దక్కాయి!

అలాగని వీధిబడిని స్వర్ణయుగంగా చిత్రించడం నాకు సమ్మతం కాదు. అర్థం తెలియని పద్యాలను పిల్లలు చిలకల్లా వల్లిస్తున్నారని కాంబెలే విమర్శించాడు. ఉదయం మొదట వచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరవాతివారికి అలా పెరుగుతూ పోయేవి. ఇంటి పనుల వల్ల ఆలస్యమైన పిల్లవాడి గతి మీరే ఊహించండి. బళ్ళారి జిల్లాలోని 533 బడుల్లో చదివే 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. అంచెలు పిల్లల శక్తిని బట్టే ఉండేవి గాని, బడి గడప అందరికీ తెరుచుకోలేదు.

పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో గడప కొంత తెరుచుకుంది, కాని అంచెలు పోయాయి. ఇంగ్లండులో 1862 నుంచి అమలైన 'ఫలితాలను బట్టి గ్రాంటు' విధానం ఆ దశకంలోనే మద్రాసు రాజధానికీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షిస్తాడు, ఉత్తీర్ణులను బట్టి డబ్బు వస్తుంది. ఇక ఉపాధ్యాయుడు ఎవరి మీద శ్రద్ధ పెడతాడు? గట్టెక్కేలా ఉన్నవారి మీదే. వెనుకబడిన పిల్లవాడు బడికి నష్టంగా కనిపించడం అప్పుడు మొదలైందని నా అభిప్రాయం.

బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980ల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు (అపెప్) ఆరు బోధన సూత్రాలు పెట్టుకుంది. వాటిలో ఒకటి వైయక్తిక భేదాలను పట్టించుకోవడం, మరొకటి వ్యక్తిగతంగా, జట్లుగా, తరగతి మొత్తంగా పని చేయించడం. అదే కాలంలో చిత్తూరు జిల్లా ఋషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టింది. పిల్లవాడు నాలుగు రోజులు రాకపోయినా, వచ్చిన రోజున తాను ఆపిన కార్డు నుంచే మొదలుపెడతాడు. తమిళనాడు బడులు తరవాత ఈ పద్ధతిని పెద్ద ఎత్తున అందుకున్నాయి. మన వేట పల్లెల బడుల్లో, హాజరు పట్టీలో ఖాళీలున్న పిల్లవాడికి కావలసింది ఇటువంటి ఏర్పాటే. అది నడవాలంటే 'సిలబస్ ఎంతవరకు అయింది?' అని అడిగే అధికారి, 'ఏ పిల్లవాడు ఎక్కడ ఉన్నాడు?' అని అడగాలి.