చిత్రమును కుదించిన కొసైను

మహబూబ్‌నగరు పిల్లలమర్రిని ఫోనుతో ఫొటో తీసి నల్లగొండకు పంపినచో క్షణములో చేరును. ఆ ఫొటోలో లక్షలకొలది చుక్కలు గలవు. ఒక్కొక్క చుక్క రంగునకు మూడేసి సంఖ్యలు కావలెను. ఇంత భారము తగ్గినదెట్లు?

బెంగళూరులో జన్మించిన నాసిర్ అహమ్మదు 1972లో కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఒక ఉపాయమును ఊహించి, ప్రభుత్వ విజ్ఞాన సంస్థను ధనసహాయము కోరెను. అది లభింపలేదు. ఊహ మరీ సులభముగా ఉన్నదని ఒక పరిశీలకుడు వ్రాసినట్లు ఆయన తరువాత జ్ఞాపకము చేసికొనెను. ఐనను శిష్యుడు టి. నటరాజన్, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన కామిశెట్టి రామమోహనరావు ఆయనతో కలిసిరి. 1974 జనవరిలో ముగ్గురి వ్యాసము వెలువడినది.

ఎట్టి చిత్రఖండమునైనను కొసైను తరంగముల మొత్తముగా వ్రాయవచ్చును. నెమ్మదిగా మారు తరంగములలోనే చిత్రసారము చాలవరకు ఇమిడియుండును. త్వరగా మారువానిని కన్ను అంతగా గుర్తింపదు. కనుక వానిని విడిచినను లోపము కనబడదు. 1992 నాటి జేపెగ్ ప్రమాణము 64 చుక్కల గడులపై చేయునది ఇదియే.

కాని కంప్యూటరు తెరను బొమ్మగా పట్టిన స్క్రీన్‌షాటులో అక్షరముల అంచులు పదునైనవి. త్వరిత తరంగములను విడిచినచో అవి మసకబారును. అట్టి బొమ్మలకు, ఏ చుక్కను విడువక, మరల మరల వచ్చువానినే క్లుప్తముగా వ్రాయు 1996 నాటి పీఎన్‌జీ పద్ధతి మేలు. మర్రికి ఒకటి, అక్షరమునకు మరియొకటి తగును.