దేవుని సాక్షి, సత్యం సాక్షి

మా పావగడ తాలూకాకు దాదాపు చుట్టూ ఆంధ్ర నేలే. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. మాటకు మాట వచ్చినప్పుడు మాత్రం ఏ భాషవాడైనా ఒక్కటే అంటాడు: "శనిమహాత్ముని గుడికి రా, ఆన పెట్టు." బయటి ఊళ్ళవాళ్ళకు పావగడ అంటే ముందు గుర్తొచ్చేది ఆ గుడే.

బ్యాంకులో చేరిన కొత్తలో శెనక్కాయ పంటకు అప్పులిచ్చే పని నాది. ఒకాయన నుదుట నామంతో వచ్చి, శనిమహాత్ముని మీద ఆన పెట్టి అప్పు తీసుకున్నాడు. పంట వచ్చింది, అమ్ముడూ పోయింది, బాకీ మాత్రం రాలేదు. అదే ఏడు ఒక రైతుకు జామీను పడతానని రిటైరయిన మేష్టరు ఒకాయన వచ్చాడు. గుడి మెట్టు ఎక్కడని ఊళ్ళో పేరు. దేవుడంటే భయం లేనివాడి సంతకం ఏం నమ్మేదని మా పెద్ద గుమాస్తా నా చెవిలో ఊదాడు. నేనూ తటపటాయించాను. ఆ రైతుకు రెండేండ్లు వానలు ఎగ్గొట్టాయి. నోటీసు పోకముందే మేష్టరు తన పింఛనులోంచి నెలనెలా కట్టడం మొదలుపెట్టాడు.

రెండు ఖాతాలతో ఏ సిద్ధాంతమూ రుజువు కాదని కామర్సు చదివినవాడికి ఒకరు చెప్పక్కరలేదు. ఆన పెట్టి, చెప్పిన రోజుకే కట్టినవాళ్ళు ఎంతమందో. కానీ ఆ తటపటాయింపు నన్ను చాలాకాలం పొడిచింది. ఆ పోటుతోనే గోరాగారి చరిత్ర చదివాను.

గోపరాజు రామచంద్రరావుగారు 1902లో పుట్టారు. చదివింది వృక్షశాస్త్రం, చెప్పింది కాలేజీ పాఠాలు. దేవుడు లేడని బాహాటంగా అన్నందుకు 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. తరువాత బందరులో పనిచేసి, అదీ వదిలి, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. పేరు వింటే అక్కడ రోజంతా దేవుణ్ణి తిడుతూ కూర్చునేవారేమో అనిపిస్తుంది. నిజానికి జరిగింది వయోజనులకు రాత్రిబడి, అంటరానితనం మీద పోరు, అన్ని కులాల సహపంక్తి భోజనాలు. భార్య సరస్వతిగారు అన్నిటా తోడు.

1941లో ఆయన గాంధీగారిని కలుస్తానని రాశారు. నాస్తికత అంటే తనను తాను కాదనుకోవడమేనని, తీరిక లేదని జవాబు వచ్చింది. ఆ గాంధీగారే ముదునూరు పని సంగతి విన్నాక కబురు పెట్టారు. 1944 నవంబరులో సేవాగ్రాంలో, సాయంకాలపు నడకలో, ఇద్దరికీ మాటలు కలిశాయి. అప్పటికి బెంగాలు కరువు గాయం పచ్చిగానే ఉంది. తిండి అంగళ్ళ పక్కనే జనం ఆకలితో చచ్చిపోయారే, అది నుదుటి రాత అనుకోబట్టే కదా అన్నది గోరాగారి వాదం. రాతను నమ్మనివాడు తన పనికి తానే జవాబుదారీ అవుతాడని ఆయన లెక్క. ఈ లెక్క నాకు పూర్తిగా ఒప్పదు. నమ్మినవాళ్ళలోనూ జవాబుదారులున్నారు, ఎదురుగా ఉన్న గాంధీగారే అందుకు సాక్షి. ఆయనా గోరాగారి మాటను కొట్టిపారెయ్యలేదు. తన ఆస్తికత సరైనదనీ, గోరాగారి నాస్తికత తప్పనీ తాను చెప్పలేనన్నారు. 1931లోనే ఆయన 'దేవుడే సత్యం' అన్న మాటను తిరగేసి 'సత్యమే దేవుడు' అని ఉన్నారు. నాస్తికుడు కూడా సత్యాన్ని కాదనడన్నది అందుకు ఒక కారణం.

ఇందులో ఒక పాత పరిచయం కూడా ఉంది. ఇంగ్లండులో బ్రాడ్లా అనే నాస్తికుడు 1880లో పార్లమెంటుకు గెలిచినా, ప్రమాణం దగ్గర తగువు తెగక 1886 దాకా స్థిరంగా కూర్చోలేకపోయాడు. దేవుణ్ణి నమ్మనివాడి మాటకు విలువేమిటన్నదే అక్కడా అభ్యంతరం. మా పెద్ద గుమాస్తా ప్రశ్నే! భారతీయుల తరఫున గట్టిగా మాట్లాడిన మనిషి. 1891లో ఆయన అంత్యక్రియలకు లండనులో చదువుకుంటున్న గాంధీ కూడా వెళ్ళాడు.

గోరాగారికి అసలు పరీక్ష వాదంలో రాలేదు, ఇంట్లో వచ్చింది. పెద్ద కూతురు మనోరమగారిని హరిజన యువకుడు అర్జునరావుగారికి ఇవ్వాలని నిశ్చయించారు. పెళ్ళి సేవాగ్రాంలో తన ఎదుటే చేద్దామని గాంధీగారు ఒప్పుకున్నారు, రెండేండ్లు ఆగమన్నారు. దేవుని పేరున అనే చోట సత్యం పేరున అందామనడానికీ సమ్మతించారు. జీవితమంతా రామనామం పలికిన మనిషి, ఇంకొకరి పెళ్ళిలో ఆ పేరు లేకపోయినా సరేనన్నారు. 1948 జనవరి 30న ఆయన పోయారు. మార్చి 13న, అనుకున్న చోటే, అనుకున్నట్టే ఆ పెళ్ళి జరిగింది.

మన దేశంలో 1969 చట్టం ప్రకారం కోర్టు సాక్షి దేవునిపై ప్రమాణం చెయ్యవచ్చు, చెయ్యనంటే సత్యనిష్ఠతో చెబుతున్నానని అనవచ్చు. రెంటికీ విలువ ఒక్కటే.

మేష్టరు ఆఖరి కంతు కట్టిన రోజు, మొదట ఆయన సంతకాన్ని నేను శంకించిన సంగతి ఒప్పేసుకున్నాను. నేనింకా శనివారం గుడికి పోతాననీ చెప్పాను. ఆయన రసీదు కళ్ళద్దాలకు దగ్గరగా పెట్టుకుని, "అదట్లుండనీ నాయనా, వడ్డీ ఇంకోతూరి చూడు, పదకొండు రూపాయలు ఎక్కువ పట్టినట్టుండారు" అన్నాడు.

చూస్తే నిజమే, పట్టాం.