దయ్యాల గుట్ట

అమ్మాయికి పురుడు పోయడానికి అమెరికా వెళ్ళినదాన్ని, దయ్యాల గుట్ట చూసొచ్చానంటే మీరు నవ్వుతారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నేనూ నవ్వాను. పుట్టిల్లు కడప, మెట్టినిల్లు కర్నూలు. చింతచెట్టు దయ్యాలూ, పాడుబావి దయ్యాలూ మాకేం కొత్త?

మా అమ్మాయి వాళ్ళుండేది ఒహాయో రాష్ట్రంలో. వాళ్ళింటికి గంటన్నర దూరంలో ఏథెన్స్ అని చిన్న ఊరు. ఊరి పక్క గుట్టమీద ఒకప్పటి పిచ్చాసుపత్రి. 1874లో తెరిచి, 1993లో మూసేశారు. ఇప్పుడా భవనాలు ఒహాయో విశ్వవిద్యాలయానివి. ఒక భాగంలో చిత్రకళల మ్యూజియం కూడా పెట్టారు. అయినా అక్టోబరు వచ్చిందంటే కుర్రకారు అక్కడ దయ్యాల కోసం వెతుకుతారట. మూడునెలల మనవణ్ణి తోపుడుబండిలో పడుకోబెట్టుకుని మేమూ బయల్దేరాం.

చెప్పొద్దూ, చూస్తే రాజుగారి కోటలా ఉంది! ఎర్ర ఇటుక కట్టడం, మధ్యలో రెండు బురుజులు, అటూ ఇటూ రెక్కలు చాచినట్టు వార్డులు. థామస్ కర్క్‌బ్రైడ్ అనే ఫిలడెల్ఫియా డాక్టరు వేసిన పద్ధతి అది. చెదిరిన మనసు కుదుటపడాలంటే గొలుసులు కాదు, గాలీ, వెలుతురూ, తోటపనీ కావాలన్నాడాయన. మంచి మాటే. కానీ రానురాను జనం కిక్కిరిసిపోయి, 1950ల నాటికి దాదాపు 1,800 మంది అయ్యారు. సంతలో మనసేం కుదుటపడుతుంది?

ఇక దయ్యం కథ. 1978 డిసెంబరులో ఒక రోగి, ఆడమనిషి, కనబడకుండా పోయింది. 1979 జనవరిలో, వాడకంలో లేని ఒక వార్డులో ఆమె శవం దొరికింది. నేలమీద పడ్డ మరక ఎంత కడిగినా పోలేదంటారు. కిటికీలోంచి తొంగిచూస్తుందనీ అంటారు. నాకైతే భయం వెయ్యలేదు. ఉన్నచోటనే ఒక మనిషి నలభై రోజులు ఎవరి కంటా పడలేదే అని కడుపులో దేవినట్టయింది.

అంతలో అమ్మాయి ఫోన్‌లో చూసి పాత లెక్కలు చదివింది. ఆసుపత్రి తెరిచిన మొదటి మూడేళ్ళలో చేరిన ఆడవాళ్ళ పిచ్చికి రాసిన ముఖ్య కారణాలు: ప్రసవం 51 మందికి, ముట్లుడగడం 32 మందికి, నెలసరి తేడాలు 29 మందికి.

"అమ్మా, పిల్లాణ్ణి కన్నందుకు నన్నూ, వయసు మీదపడినందుకు నిన్నూ ఇద్దర్నీ ఇక్కడే పడేసుండేవాళ్ళు!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా చిన్నత్త గుర్తొచ్చింది.

చిన్నత్త మా నాన్న చెల్లెలు. పురిటికి కడపలో మా ఇంటికే వచ్చింది. బిడ్డ పుట్టిన వారానికి నిద్ర పోయింది. బిడ్డను ఎత్తుకోదు, తనలో తనే మాట్లాడుకుంటుంది. "బాలింత గాలి సోకింది, ఎవరూ ఆ పక్క పోవాకండి" అంది మా జేజి. పెరటిగదిలో పెట్టి గొళ్ళెం వేశారు. వేపమండలు, తాయెత్తులు, అన్నీ అయ్యాయి. నాలుగు నెలలకు దానంతటదే తగ్గింది. అప్పటికే బిడ్డను అత్తవారు తీసుకుపోయారు, ఆమెను మాత్రం తీసుకుపోలేదు. ఆ గదిలోనే బతికి, నా పదో ఏట అక్కడే పోయింది. పిల్లలం దాన్ని దయ్యాల గది అనేవాళ్ళం.

మా పెద్దల్ని తప్పుపట్టడం తేలిక. 1871లోనే మద్రాసు కీల్పాక్‌లోనూ, విశాఖపట్నంలోనూ పిచ్చాసుపత్రులు పెట్టారు. కానీ కడప, కర్నూలు పల్లెల నుంచి అంతదూరం తీసుకుపోయేదెవరు? పెరటిగదులే మా పిచ్చాసుపత్రులయ్యాయి. కొందరికి గుళ్ళూ, దర్గాలే దిక్కు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. మనోరోగుల్ని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని 2017 నాటి చట్టం స్పష్టంగా చెప్పింది.

అత్తకు వచ్చింది గాలీ కాదు, ధూళీ కాదు. వెయ్యిమంది బాలింతల్లో ఒకరిద్దరికి వచ్చే జబ్బు. వైద్యం చేస్తే చాలామంది తేరుకుంటారు. మీ ఇంట్లో బాలింత నిద్రలేకుండా, పొంతనలేని మాటలు మాట్లాడుతుంటే వేపమండ కోసం చూడకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మా కర్నూలు పెద్దాసుపత్రిలో దానికో విభాగమే ఉంది.

తిరిగొచ్చేముందు శ్మశానం చూశాం. ఆ గుట్టమీద 1,900 మందికి పైగా రోగుల్ని పూడ్చారు. చాలా రాళ్ళమీద పేరు లేదు, అంకె మాత్రమే. ఇప్పుడు ఊరివాళ్ళే కొందరు పాత రికార్డులు తిరగేసి, ఒక్కో అంకెకూ పేరు వెతుకుతున్నారు.

"మీ చిన్నత్త పేరేంటమ్మా?" అంది అమ్మాయి.

నోరు తెరిచాను, మాట రాలేదు. ఇంటిల్లిపాదీ 'గాలిది' అనేవాళ్ళు. మేం పిల్లలం 'గాలత్త' అనేవాళ్ళం. అరవై ఏళ్ళొచ్చాయి, సొంత మేనత్త పేరు నాకు తెలియదు!

ఆ రాత్రే కడపకు ఫోన్ చేశాను. అన్నయ్య కూడా కాసేపు తడుముకుని, "కనుక్కుని చెప్తాలేమ్మా" అన్నాడు. రెండ్రోజులకు, మా నాన్న పాత ట్రంకుపెట్టెలో ఆమె పెళ్ళి శుభలేఖ దొరికిందని ఫోన్ చేశాడు.

ఆ పేరు మా అమ్మాయి చేత రెండుసార్లు పలికించాను. ఒళ్ళో ఉన్న పసివాడు ఆ పిలుపుకు తల తిప్పి చూశాడు.