గుడ్లు పొదిగిన థర్మోస్టాట్

అమెరికాలో మండువేసవి సాయంత్రం, ఏసీలన్నీ ఒక్కసారిగా నడిచే వేళ, కరెంటు సంస్థ సంకేతం పంపితే కొన్ని ఇళ్లలో వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ తనంతట తానే రెండు మూడు డిగ్రీలు పైకి జరుగుతుంది. గ్రిడ్ మీద బరువు తగ్గుతుంది. ఇంత తెలివైన పరికరానికి ముత్తాత చేసిన పనేమిటో తెలుసా? గుడ్లు పొదగడం! ఆ సంగతి చదివినప్పటి నుంచి ఆ పెట్టె చేసిన కొర్నేలిస్ డ్రెబెల్ నన్ను వదలడం లేదు.

1572లో హాలండ్‌లో పుట్టాడు. లోహపు రేకుల మీద బొమ్మలు చెక్కడం నేర్చుకుని, గురువుగారి తోబుట్టువునే పెళ్లాడాడు. ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ కొలువులో చేరి, థేమ్స్ నదిలో నీటి అడుగున పడవ నడిపాడు. ఆయన పొదుగుడు పెట్టెకు రెండు గోడలు, వాటి మధ్య నీళ్లు, అడుగున నిప్పు. లోపల గాజుగొట్టంలో ఆల్కహాల్, దాన్ని ఆనుకుని పాదరసం. వేడెక్కితే ఆల్కహాల్ ఉబ్బి పాదరసాన్ని తోస్తుంది. దాంతో ఒక కడ్డీ లేచి పొగదారి మూస్తుంది. గాలాడక మంట తగ్గుతుంది. చల్లబడితే దారి మళ్లీ తెరుచుకుంటుంది. కాపలా మనిషితో పనే లేదు. ఇంతటివాడు చివరికి లండన్‌లో సారాకొట్టు నడుపుకుంటూ 1633లో పోయాడు. రాజుల మెప్పు అంతే!

ఈజిప్టులో అంతకంటే పాత పద్ధతి ఉండేది. మట్టి కొలుముల్లో వేల గుడ్లు పొదిగించేవారు. వేడి సరిపోయిందో లేదో గుడ్డును కనురెప్పకు ఆనించి చెప్పేవారు. అంకెలు వచ్చి అలాంటి ఒంటి విద్యలను మింగేశాయి. నాకది నష్టమే.

తర్వాతి కథ గబగబా సాగుతుంది. గది గదికీ తిరిగి వేడి చూసే పని తప్పించాలని విస్కాన్సిన్ అధ్యాపకుడు వారెన్ జాన్సన్ 1883లో విద్యుత్ పరికరానికి పేటెంటు పొందాడు. 1953లో హనీవెల్ గుండ్రటి థర్మోస్టాట్ వచ్చింది. చేత్తో తిప్పడమే, చదువుకోవాల్సిందేమీ లేదు. న్యూజిలాండ్‌లో 1950లలోనే కరెంటు తీగల గుండా సంకేతం పంపి ఇళ్లలోని గీజర్లను ఆపేవారు. 2011లో నెస్ట్ అనే స్మార్ట్ థర్మోస్టాట్ వచ్చాక ఇంటర్నెట్‌కు కలిసిన థర్మోస్టాట్లు ప్రాచుర్యం పొందాయి. కరెంటు వాడకపు రద్దీకి ముందే ఇంటిని చల్లబరిచి, రద్దీ వేళ ఏసీ తగ్గించడం సులువైంది.

2021 జూన్‌లో టెక్సస్‌లో కొందరు మధ్యాహ్నం చెమటలు పట్టి లేచి చూస్తే, ఇంటి వేడి ఎవరో పెంచేశారు! బహుమతుల డ్రాలో పేరుంటుందని చేరిన పథకంలో, బయటి నుంచి థర్మోస్టాట్‌ను మార్చవచ్చన్న షరతు కూడా ఉంది. సంతకం పెట్టిన సంగతే చాలామందికి గుర్తులేదు.

డ్రెబెల్ పెట్టె గుడ్డు మాట వినేది. గోడమీది గుండ్రటి బిళ్ల ఇంటివాళ్ల మాట వినేది. ఇప్పటిది గ్రిడ్ మాట కూడా వింటోంది. అది తప్పు కాదు. సాయంత్రం రెండు గంటల పాటు ఉండే గిరాకీ కోసం కొత్త విద్యుత్ కేంద్రం కట్టడం కంటే ఇదే నయం. కానీ ముందుగా చెప్పాలి, బిల్లులో తగ్గించాలి, వద్దనే హక్కు ఇవ్వాలి. మన దేశంలో 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్నది నిబంధన. ఆ అంకె మార్చుకునే బటన్ మాత్రం మన చేతిలోనే ఉంది. రేపు స్మార్ట్ థర్మోస్టాట్లు వచ్చినా అది అక్కడే ఉండాలి.